మందు, గుండు, కొలత: తూటా కూర్చు విద్యయు తెలంగా సిపాయియు

ఉత్తర హిందూస్థానమున 18వ శతాబ్ది ద్వితీయార్ధము మొదలుకొని ఈస్టిండియా కంపెనీ సిపాయికి "తిలంగా" అను పేరు వాడుకలోనికి వచ్చినది. ఆ సిపాయి అవధ్ సీమ బ్రాహ్మణుడు కావచ్చును, బీహారు రాజపుత్రుడు కావచ్చును. ఎర్రకోటు తొడిగి, వరుసలో నిలిచి, ఆజ్ఞ ననుసరించి తుపాకి దట్టించి పేల్చువాడైనచో జనులు వానిని తిలంగా అనియే పిలిచిరి. వంగదేశ చరిత్రను పారసీకమున వ్రాసిన గులాం హుసేన్ ఖాన్ తన సియరుల్ ముతాఖిరీన్ గ్రంథమున ఈ పదమునే వాడెను. 1857లో ఢిల్లీ నగరమున ప్రవేశించిన తిరుగుబాటు సైనికులను గూడ ఆ నగరవాసులు తిలంగాలనియే వ్యవహరించిరి. కంపెనీవారి తొలి సిపాయి పటాలములు తూర్పుతీరమున, తెలుగు తమిళ దేశములలో రూపొంది, అచ్చటినుండి వంగదేశమునకు పోయినందుననే ఈ పేరు కలిగినది. ఒక దేశపు పేరు ఒక వృత్తికి పేరగుట అరుదు. ఆ గౌరవము మనవారికి లభించినది.

ఆ వృత్తికి ఆధారమైన విద్య యెట్టిది? మందును, గుండును కొలత ప్రకారము అమర్చి, తడవకుండ, తడబడకుండ, ఒక్కొక్కమారు ఒక్కరీతిగనే తుపాకి దట్టించుట. నేడు రైఫిలుతో గురి సాధన చేయువారు కొన్ని దేశములలో కాల్చిన ఇత్తడి డొల్లలను తిరిగి నింపి తూటాలు కూర్చుకొనుచున్నారు. రెండు నూరేండ్ల క్రిందటి సిపాయి పనియు, నేటి విద్యార్థి పనియు మూలమున నొక్కటే. ఆ విద్య పుట్టుకతో వచ్చునది కాదనియు, కొలతతోను అభ్యాసముతోను వచ్చునదనియు నిరూపించుట ఈ వ్యాసోద్దేశము. ఈ విషయము క్రొత్తగా నేర్చుకొనువారికి ప్రాణరక్షణ వంటిది. మన సమాజమునకు చరిత్రలో పోయిన మాట తిరిగి దక్కించుకొనుట వంటిది.

పదముల సాక్ష్యము

మన భాషలోని ఆయుధ పదములను పరిశీలించినచో ఒక విశేషము కానవచ్చును. "తుపాకి" తురుష్క పదము. "ఫిరంగి" పశ్చిమదేశీయులకు పారసీకులు పెట్టిన పేరునుండి పుట్టినది. "సిపాయి", "సుబేదారు", "హవల్దారు" పారసీకము నుండియు, "కవాతు" అరబ్బీ మూలము నుండియు వచ్చినవి. "పటాలము" ఐరోపా భాషలలోని బెటాలియన్ పదమునకు మనవారు చేసిన రూపము. వస్తువుల పేళ్లును, పదవుల పేళ్లును ఇట్లు పరదేశముల నుండి వచ్చినవి. పని చేయువాని చేతిలోని మాటలు మాత్రము మనవే. మందు, గుండు, దట్టించుట, గురి, వత్తి: ఇవన్నియు ఇంటి మాటలు. మందు అనగా ఔషధమును అగును, పేలుడు పదార్థమును అగును. రెండింటికిని కొలత తప్పరాదు. మోతాదు మించిన ఔషధమెట్టిదో, మోతాదు మించిన తుపాకి మందును అట్టిదే.

మందు పుట్టిన తీరము

పూర్వపు నల్లమందు పెట్లుప్పు, గంధకము, బొగ్గు అను మూడు వస్తువుల మిశ్రమము. పెట్లుప్పునే సురేకారమనియు అందురు. పాత ఊళ్ల మట్టినుండియు, పశువుల కొట్టముల మట్టినుండియు దీనిని కడిగి, కాచి, పేరబెట్టెడివారు. 17వ శతాబ్దిలో డచ్చివారు, ఆంగ్లేయులు కోరమాండల్ తీరమునకు వచ్చి కొనుగోలు చేసిన సరకులలో అద్దకపు బట్టలతో పాటు పెట్లుప్పు గూడ నుండెను. డచ్చివారు 1613లో కోట కట్టుకొనిన పులికాటులో తుపాకి మందు తయారు చేయించి, తమ తూర్పు దీవుల స్థావరములకు ఎగుమతి చేసిరి. నేడు తమిళనాడు సరిహద్దులో నున్న ఆ పులికాటు తెలుగు, తమిళ ప్రజలు కలిసి మెలిసి జీవించు ప్రదేశము.

మందును పొడిగా నుంచక తడిపి, ముద్దచేసి, ఆరబెట్టి, జల్లెడపట్టి గింజలుగా చేయుట ముఖ్యమైన మెట్టు. గింజ సన్నమైనచో వేగముగాను, ముదుకైనచో నెమ్మదిగాను మండును. ఫిరంగికి ముదుక గింజ, తుపాకికి సన్న గింజ, రంజకమునకు మరింత సన్నని గింజ వాడుట ఇందువలననే. మందు మండు వేగము దాని గింజ ఆకారముపై నాధారపడునను ఈ సూత్రము నేటి పొగరాని మందునకు గూడ మూలసూత్రమై నిలిచియున్నది.

కవాతు నేర్పిన కొలత

విజయనగర కాలమునందే తుపాకులు, ఫిరంగులు దక్షిణదేశమున నుండెను. తమిళదేశమున స్థిరపడిన తెలుగు నాయకులు, పాలెగాండ్రు కోటలను తుపాకులతో రక్షించుకొనిరి. 1799లోను, 1801లోను పాంచాలంకురిచ్చి కోటపై కంపెనీ సైన్యమునకు జరిగిన నష్టము దీనికి నిదర్శనము. ఆ కోటకు ప్రభువులైన కట్టబొమ్మన వంశీయులు తెలుగు కంబళ నాయకులే. కావున తుపాకి మనవారికి కంపెనీవారు తెచ్చిపెట్టినది కాదు. కంపెనీ పద్ధతిలో క్రొత్తగా వచ్చినది తూటా. దానితో పాటు కవాతు.

అంతకుముందు సైనికుడు కొమ్ములోని మందును ఉజ్జాయింపుగా గొట్టములో పోసి, వేరు సంచి నుండి గుండు తీసి వేసెడివాడు. ఒకడు ఎక్కువ పోసిన, మరియొకడు తక్కువ పోసెడివాడు. కాగితపు తూటాలో ఒక గుండును, దానికి సరిపోవు మందును ముందుగనే కొలిచి చుట్టియుంచిరి. యుద్ధభూమిలో చేయవలసిన కొలత పని యిట్లు ప్రశాంతమైన గదిలోనికి మారినది. సిపాయి తోలుసంచి నుండి తూటా తీసి, పంటితో కొన చించి, కొంత మందును రంజకపు గిన్నెలో పోసి మూతవేసి, మిగిలినదానిని గొట్టములో పోసి, గుండును కాగితముతో సహా దూర్చి, ఇనుపకడ్డీతో దట్టించి, కడ్డీని దాని స్థానమున నుంచి, అటుపిమ్మట గురి చూచెడివాడు. నేర్పుగల సైనికుడు నిమిషమునకు సుమారు మూడుసార్లు పేల్చగలిగెడివాడు. ఈ వరుసలో నొక మెట్టు తప్పినను ఫలము కీడే. కడ్డీని గొట్టములోనే మరచి పేల్చినచో అది యెగిరిపోవును, తరువాత దట్టించుటకు సాధనమే యుండదు.

1746లో అడయారు నది యొడ్డున ఫ్రెంచివారి చిన్న సేన కవాతు బలముతో నవాబు కుమారుడు మహఫూజ్ ఖాన్ నడపిన పెద్ద సేనను చెదరగొట్టినది. దానితో ఈ విద్య విలువ అందరికిని తెలిసినది. 1748లో వచ్చిన స్ట్రింజర్ లారెన్సు ఆంగ్లేయుల పక్షమున సిపాయిలను ఈ రీతిగనే తీర్చిదిద్దెను. 1756లో క్లైవు వంగదేశమునకు పోవునప్పుడు వెంట గొనిపోయిన సిపాయిలు ఈ తీరమువారు.

1757 జూన్ 23వ తేదీన పలాశీ క్షేత్రమున వర్షము కురిసినది. కంపెనీ సైన్యము మందును, తూటాలను తారుపూసిన గుడ్డలతో కప్పి కాపాడుకొన్నది. నవాబు ఫిరంగుల మందు తడిసినది. శత్రువు మందు గూడ తడిసియుండునని తలచి ముందుకు దూకిన నవాబు ఆశ్వికులు తుపాకి గుండ్లకు గురియైరి. ఆ యుద్ధ ఫలితమునకు కుట్రలు, ద్రోహములు ప్రధాన కారణములనుట నిజమే. అయినను మందును పొడిగా నుంచినవాని చేతిలోనే తుపాకి తుపాకిగా నిలిచినదనుటయు నిజమే.

దీనికి విపర్యయము 1780 సెప్టెంబరు 10వ తేదీన కంచి సమీపమున పొల్లిలూరులో జరిగినది. కర్నల్ బెయిలీ గుంటూరు సీమ నుండి సేనతో బయలుదేరి, కంచిలో నున్న మన్రో సేనను కలియబోవుచు, హైదరలీ, టిప్పు సేనలకు చిక్కెను. పోరు నడుమ అతని మందుగుండు బండ్లు పేలిపోయినవి. దానితో సేన వ్యూహము చెదరి, సర్వనాశనమైనది. శ్రీరంగపట్టణపు దరియా దౌలత్ భవనపు గోడపై ఆ యుద్ధ చిత్రము కలదు. అందు మందుబండి పేలుడును చిత్రకారుడు స్పష్టముగా చూపెను. మందును ఒకచోట గుట్టగా పెట్టి, దాని చెంత నిప్పును ఉండనిచ్చుట ఎట్టి కీడు తెచ్చునో తెలియగోరువారు ఆ గోడ యెదుట కొంతసేపు నిలిచి చూడవలెను.

తూటాసంచితో వచ్చిన కుటుంబములు

చెన్నపురి సైన్యమున నొక ఆచారముండెను. సిపాయి భార్యాబిడ్డలు పటాలముతో పాటు ఊరినుండి ఊరికి పోయెడివారు. అందుచే దండుస్థలము ఎచ్చట ఏర్పడిన అచ్చట తెలుగు, తమిళ కుటుంబముల వీధులు గూడ ఏర్పడెను. 1809లో నెలకొల్పిన బెంగుళూరు దండు, 1821లో నాగపురము చెంత నెలకొల్పిన కాంఠీ దండు, గంజాము సీమలోని బ్రహ్మపురము, గుంసూరు యుద్ధములలో కంపెనీ సేనలు విడిసిన నేటి భంజనగరము ఇట్టివే. ఉద్యోగము ముగిసినవారిలో కొందరు స్వగ్రామములకు మరలలేదు. పింఛను అందుచోటనే ఇల్లు కట్టుకొనిరి. కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిశాలందలి తెలుగువారందరును సైన్యముతోనే వచ్చిరని దీని భావము కాదు. మగ్గముతో వచ్చినవారు, నాగలితో వచ్చినవారు, వర్తకముతో వచ్చినవారు అధికులు. తూటాసంచితో వచ్చినవారిని గూర్చిన జ్ఞాపకము మాత్రము మిక్కిలి పలుచబడినది. 1780లో పయొనీరు దళములుగా మొదలై, పిమ్మట బెంగుళూరును స్థావరముగా చేసికొనిన మద్రాసు సాపర్ల దళము నేటికిని ఆ సంబంధమునకు సజీవ సాక్ష్యము.

కాగితము నుండి ఇత్తడికి

19వ శతాబ్దిలో తూటా రూపము మూడు మెట్లలో మారినది. మొదటి మెట్టు నిప్పు పుట్టించు విధానము. 1807లో అలెగ్జాండర్ ఫార్సైత్ దెబ్బకు మండు మిశ్రమముతో పేల్చు విధానమునకు హక్కుపత్రము పొందెను. చెకుముకి రాయి స్థానమున చిన్న రాగిటోపీ వచ్చినది. రెండవ మెట్టు 1853 నాటి ఎన్‌ఫీల్డు రైఫిలు. దాని తూటా కాగితమునకు పూసిన కొవ్వును గూర్చిన వదంతి 1857 జనవరిలో డమ్‌డమ్‌లో మొదలై, మే 10వ తేదీన మీరటులో తిరుగుబాటుగా పేలినది. తూటాను ఎవరు చుట్టిరి, దేనిని పూసిరి యని తెలియని సిపాయి దానిని నోట బెట్టుటకు నిరాకరించెను. తాను కూర్చని తూటాపై సిపాయికి విశ్వాసము లేకపోవుట ఆ మహాసంగ్రామమునకు ఒక నిమిత్తమైనది.

మూడవ మెట్టు ఇత్తడి తూటా. 1866లో ఆంగ్ల సైన్యము స్నైడర్ రైఫిలును గ్రహించినప్పుడు కర్నల్ బాక్సర్ దానికి లోహపు తూటా కల్పించెను. ఆ కాలముననే అమెరికాలో హైరమ్ బెర్డన్ మరియొక పద్ధతి కనిపెట్టెను. బాక్సర్ పద్ధతిలో డొల్ల అడుగున నిప్పు పోవు రంధ్రము ఒక్కటి, నట్టనడుమ నుండును. బెర్డన్ పద్ధతిలో సాధారణముగా రెండు చిన్న రంధ్రములు ప్రక్కల నుండును. విచిత్రమేమనగా ఆంగ్లేయుని పద్ధతి అమెరికాలోను, అమెరికావాని పద్ధతి ఐరోపాలోను స్థిరపడినవి. ఈ భేదము విద్యార్థి తప్పక తెలిసికొనవలసినది. నడుమ రంధ్రమున్న డొల్లలోని పాత ప్రైమరును ఒక సూదితో లోపలినుండి సులభముగా నెట్టివేయవచ్చును. బెర్డన్ డొల్లకు అట్టి సౌకర్యము లేదు.

1884లో ఫ్రాన్సు దేశమున పాల్ వియెల్ పొగరాని మందు సిద్ధము చేసెను. 1889లో ఆంగ్లేయుల కార్డైటు వచ్చినది. అది సన్నని కడ్డీల రూపమున నుండును. .303 తూటాలో ఆ కడ్డీల కట్టను ముందుగా నుంచి, తరువాత డొల్ల మెడను యంత్రముతో నొక్కెడివారు. చేతితో ఆ పని సాధ్యము కాదు. 1869లో పుణె చెంత ఖడ్కీలో తూటాల కర్మాగారము, 20వ శతాబ్ది తొలి యేండ్లలో నీలగిరులందలి అరువంకాడులో కార్డైటు కర్మాగారము నెలకొన్నవి. సిపాయి చేతినుండి కొలత యంత్రమునకు పోయినది. వానికి మిగిలినది లెక్క: ఎన్ని తూటాలు తీసికొంటివి, ఎన్ని కాల్చితివి, ఎన్ని ఖాళీ డొల్లలు తిరిగి అప్పగించితివి?

ఈ మార్పుతో రాజ్యమునకును ప్రజలకును నడుమనున్న బలాబలములు గూడ మారినవి. 1878 ఆయుధ చట్టము భారతీయునికి అనుమతి లేనిదే ఆయుధము పనికిరాదనెను. ఊరి మందుతో పేలు పాత తుపాకి యంత్రపు రైఫిలు యెదుట నిలువలేదు. రైఫిలు చేజిక్కినను కర్మాగారపు తూటా లేనిదే పేలదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలను వరుసగా ముట్టడించి, తుపాకులతో పాటు తూటాలను గూడ గొనిపోవుటలోని అంతరార్థ మిదియే. తూటా లయిపోయిన రైఫిలు చేతికర్రతో సమానము.

"వీరజాతి" వాదము

ఇచ్చట మన చరిత్రలోని యొక బాధాకర విషయమును ప్రస్తావింపక తప్పదు. 1881 నుండి 1885 వరకు చెన్నపురి సైన్యాధిపతిగను, అటుపిమ్మట 1893 వరకు సర్వభారత సేనాధిపతిగను నుండిన రాబర్ట్సు, 1897లో ప్రకటించిన తన స్వీయచరిత్రలో దక్షిణదేశ సిపాయి ఉత్తరదేశ సిపాయికి సాటిరాడను అభిప్రాయమును వెలిబుచ్చెను. కొన్ని జాతులు పుట్టుకచే వీరులనియు, కొన్ని కావనియు చెప్పు వాదము సైనిక విధానమై కూర్చున్నది. తెలుగువారి చేరిక తగ్గించబడినది. చెన్నపురి పటాలములు పెక్కు ఇతర ప్రాంతములవారితో నింపబడినవి, మరికొన్ని రద్దయినవి. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చి సైనికుల అవసరము పెరుగగా మద్రాసు రెజిమెంటు తిరిగి ఏర్పడినది.

ఏ జాతి పేరును ఉత్తరదేశమంతయు సిపాయికి పర్యాయపదముగా వాడినదో, ఆ జాతియే నూరేండ్లకు సిపాయి పనికి తగదని తీర్పు పొందెను. ఆ నడుమ మారినది రక్తము కాదు. ఎడతెగని యుద్ధములు లేని దండుస్థలములలో కాలము గడచినది; అభ్యాసము సన్నగిల్లినది; మంచి అధికారులు, మంచి ఆయుధములు ఉత్తర సరిహద్దునకు పోయినవి. విద్య అభ్యాసముచే వచ్చినట్లే, అనభ్యాసముచే పోవును. దానిని జన్మకు అంటగట్టుట శాస్త్రము కాదు.

తిరిగి చేతికి వచ్చిన విద్య

కర్మాగారమునకు పోయిన ఈ పని అమెరికా దేశమున సామాన్యుల చేతికి తిరిగి వచ్చినది. పశ్చిమ మైదానములలోని వేటగాండ్రు దూరపు అంగళ్లకు పోలేక కాల్చిన డొల్లలను తామే నింపుకొనెడివారు. 1880 ప్రాంతమున ఆ దేశపు సైన్యము గూడ గురి అభ్యాసమునకై కోటలలోనే డొల్లలను తిరిగి నింపించినది. 1884లో జాన్ బార్లో స్థాపించిన ఐడియల్ సంస్థ చేతి పనిముట్లు అమ్మినది. 1925లో లైమన్ సంస్థ దానిని కొన్నది. రెండవ ప్రపంచ యుద్ధానంతరము మిగిలిన సైనిక మందు చవుకగా దొరకుటచే ఈ అభ్యాసము బాగుగ వ్యాపించినది. 1943లో ఆర్.సి.బి.ఎస్., 1949లో హార్నడీ సంస్థలు పుట్టినవి. ఖర్చు తగ్గించుకొనుట ఒక కారణము. తన రైఫిలుకు సరిపోవు కొలతను తానే వెదకి గురిని సూక్ష్మము చేసికొనుట రెండవ కారణము.

పని క్రమమిది. కాల్చిన డొల్లను తుడిచి పరీక్షించుట. నూనె రాసి అచ్చులో నొక్కి పూర్వపు కొలతకు తెచ్చుట, ఆ నొక్కుతోనే పాత ప్రైమరును త్రోసివేయుట. మెడ పొడుగు పెరిగినచో కత్తిరించుట. క్రొత్త ప్రైమరు నమర్చుట. మందు తూచి పోయుట. గుండును నిర్ణీతమైన లోతునకు దించుట. తుదకు మరల పరీక్షించుట. సిపాయి వరుసవలెనే ఇదియు నొక వరుస. మెట్టు తప్పరాదు.

నూతన విద్యార్థులకు హితవులు

మొదటిది చట్టము. భారతదేశమున 1959 నాటి ఆయుధ చట్టము 5వ సెక్షను ప్రకారము లైసెన్సు లేనిదే తూటాలు తయారు చేయుట నేరము. తుపాకికి లైసెన్సు ఉన్నంతమాత్రమున తూటా కూర్పుకు అనుమతి యున్నట్లు కాదు. విదేశములందు స్థిరపడిన మనవారు ఆ యా దేశముల, రాష్ట్రముల నిబంధనలను ముందుగా తెలిసికొనవలెను.

రెండవది గురువు, గ్రంథము. మందు తయారు చేయువారును, గుండ్లు తయారు చేయువారును పరీక్షాశాలలో ఒత్తిడి కొలిచి కొలతల గ్రంథములు ప్రకటించుచున్నారు. వానిలోని కొలతయే ప్రమాణము. ఎవరో చెప్పిన కొలత, ఊహించిన కొలత పనికిరావు. గరిష్ఠ కొలతతో ఎన్నడును ప్రారంభింపరాదు. గ్రంథము చెప్పిన ప్రారంభ కొలతతో మొదలిడి, కొంచెము కొంచెముగా పెంచుచు, డొల్లపై ఒత్తిడి గురుతులను చూచుచు పోవలెను. ప్రారంభ కొలతకంటె తగ్గించుటయు మంచిది కాదు, కొన్ని మందులకు అదియు ప్రమాదమే. మందు, గుండు, ప్రైమరు, డొల్ల: వీనిలో ఒక్కటి మార్చినను తిరిగి క్రింది కొలతనుండియే రావలెను.

మూడవది త్రాసు. ఈ విద్యలో తూనిక గ్రెయినులలో నుండును. పౌనుకు 7,000 గ్రెయినులు. ఒక గ్రెయిను సుమారు 0.065 గ్రాము, అనగా మన కంసాలుల గురిగింజలో ఇంచుమించు సగము. కంసాలి బంగారము తూచునప్పుడు విసనకర్ర నాపించును, తలుపు మూయించును, త్రాసు ముల్లును సరిచూచుకొనును. తూటా కూర్చువానికి అంతకంటె తక్కువ శ్రద్ధ చాలదు. నల్లమందును ఘనపరిమాణముచే కొలుచుట అలవాటు. పొగరాని మందును బరువుచేతనే కొలువవలెను. నల్లమందుకొరకు చేసిన పాత తుపాకిలో పొగరాని మందు పోసినచో గొట్టము పగిలి చేయి పోవును.

నాలుగవది బల్లపై ఒక్క మందే యుండవలెను. రెండు డబ్బాలు తెరచియున్నచోట ఏది యేదియో పొరపడుటకు క్షణము చాలును. పని ముగిసిన వెంటనే మిగిలిన మందును దాని స్వంత డబ్బాలోనే పోయవలెను. పేరులేని మందును వాడరాదు. ప్రైమర్లను వచ్చిన పెట్టెలోనే యుంచవలెను. సీసాలో కుప్పగా పోసినచో ఒకటి పేలిన అన్నియు పేలును. పొగత్రాగుట, దీపము, నిప్పురవ్వ దరిచేరరాదు. పొల్లిలూరు బండ్లను మరువరాదు.

ఐదవది రెండుమార్లు పోయకుండుట. 1863లో గెటిస్‌బర్గు యుద్ధానంతరము ఏరిన సుమారు 27,000 తుపాకులలో సుమారు 24,000 దట్టించియే యుండెను. వానిలో సగమునకు రెండేసి మార్లు దట్టించిరి. ఒకదానిలో ఇరువదికి పైగా తూటాలు ఒకదానిపై నొకటి యుండెను. వారు మూర్ఖులు కారు. ధ్వనిలో, భయములో తాము చేసిన మెట్టును మరచినవారు. ఇంటి గదిలో భయము లేకున్నను పరధ్యానముండును. కావున మందు పోసిన డొల్లలన్నింటిని చట్రములో నిలిపి, దీపపు వెలుగు లోపల పడునట్లు వంగి, మందు మట్టము అన్నింట సమముగా నున్నదో లేదో చూచి, పిమ్మటనే గుండు పెట్టవలెను. మందు అసలే పడని తూటాయు ప్రమాదకరమే. ప్రైమరు బలముచే గుండు గొట్టము నడుమ నిలిచిపోవును. అది చూడక మరియొకటి పేల్చినచో గొట్టము చీలును. పేలుడు ధ్వని మందముగా వినబడినచో వెంటనే ఆపి, తుపాకిని ఖాళీచేసి, గొట్టము చూడవలెను.

ఆరవది డొల్ల పరీక్ష. మెడపై చీలిక, అడుగునకు కొంచెము పైన మెరయు వలయము కానవచ్చినచో ఆ డొల్ల ఆయువు తీరినదని తెలిసి పారవేయవలెను. ఇత్తడి ప్రతి పేలుడుకును సాగి పలుచబడును. ప్రైమరు డొల్ల అడుగుతో సమముగనో, రవంత లోపలికో కూర్చుండవలెను. బయటకు పొడుచుకొని యుండరాదు.

ఏడవది లెక్క. తేదీ, మందు పేరు, తూనిక, గుండు బరువు, ప్రైమరు, డొల్ల ఎన్నవమారు వాడితిమి యను వివరములు పుస్తకమునను, పెట్టెపైనను వ్రాయవలెను. ఇతరుడు కూర్చిన తూటాను తన తుపాకిలో పెట్టరాదు. తాను కూర్చినది ఇతరునికి ఇవ్వరాదు. కంటికి అద్దము, పని తరువాత చేతులు కడుగుకొనుట తప్పనిసరి; సీసము కనబడక దేహమున చేరు విషము.

ఉపసంహారము

ఈ హితవులలో ఏదియును కులమును, ప్రాంతమును, దేహదార్ఢ్యమును అడుగదు. ఓపిక, చూపు, కొలత, నియమము మాత్రమే అడుగును. అడయారు, పలాశీల కాలమున మన తీరపు సిపాయి నేర్చి చూపినది ఇంతే. దానినే లోకము అతని జాతి పేరుతో పిలిచినది. ఆ పిమ్మట ఆ పేరును మనకు తగదన్నవారు విద్యను చూడక వంశమును చూచిరి.

బెంగుళూరు, కాంఠీ, బ్రహ్మపురము మొదలైన పాత దండుస్థలములలో నివసించు మన కుటుంబముల పెట్టెలలో పింఛను కాగితములు, పతకములు, పటాలపు సంఖ్య చెక్కిన బిళ్లలు ఉండినచో వానిని భద్రపరచి, పెద్దల నోటి మాటలను వ్రాయించి, మన సంఘములకు అందజేయుట అవసరము. తిలంగా అను మాట నిఘంటువులలో మిగిలియున్నది. ఆ మాట వెనుకనున్న మనుష్యుల పేరులు ఇంటింటి పెట్టెలలో వెదకవలసియున్నది.